నేను రోజూ టైప్ చేసిన జబ్బు

పదకొండేళ్లుగా నేను చేసేది మెడికల్ కోడింగ్. అమెరికాలో ఎవరో ఒక పేషెంటు ఆసుపత్రిలో చేరతారు. అక్కడి డాక్టరు చార్టు రాస్తారు. అది రాత్రిపూట హైదరాబాదులో నా స్క్రీన్ మీదికి వస్తుంది. చదివి ఆ జబ్బుకు తగిన కోడ్ వేయడం నా పని. ఆ కోడ్‌ను బట్టే ఇన్సూరెన్సు వాళ్లు డబ్బు కడతారు. అలాంటి కోడ్లలో ఎ04.72 ఒకటి. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసైల్ అనే బ్యాక్టీరియా వల్ల పెద్దపేగు వాచిపోవడం. ఆఫీసులో అందరం పొట్టిగా సీడిఫ్ అంటాం. 2017 అక్టోబరులో దాన్ని రెండు కోడ్లుగా విడదీశారు. మొదటిసారి వస్తే 72, తగ్గి మళ్లీ తిరగబెడితే 71. ఎక్కువగా డెబ్భై, ఎనభై ఏళ్లవాళ్ల చార్టుల్లో కనబడేది. కొన్ని వందలసార్లు టైప్ చేసి ఉంటాను. ఒక్కసారి కూడా, ఇది వచ్చిన మనిషికి ఎలా ఉంటుందో అని ఆలోచించలేదు.

2023 జూన్‌లో అది నాకే వచ్చింది. అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు.

దానికి ముందు సంవత్సరం ఎలా గడిచిందో చెప్పాలి. సాయంత్రం ఆరున్నరకు క్యాబ్ ఎక్కితే తెల్లవారుజామున నాలుగున్నరకు ఇంటికి. రాత్రి పదకొండుకు క్యాంటీన్లో ఫ్రైడ్ రైసో, నూడుల్సో. రెండింటికి నిద్ర ఆపుకోవడానికి టీ, బిస్కెట్లు. ఇంటికొచ్చి పిల్లకు లంచ్ బాక్స్ కట్టి, తెల్లటి బ్రెడ్డు ముక్కలు రెండు తిని పడుకోవడం. మధ్యాహ్నం లేచాక అన్నం తినాలనిపించేది కాదు. కూరలు కర్రీ పాయింట్ నుంచి వచ్చేవి, అవి కూడా ఆలూ ఫ్రై, పనీర్, అంతే. ఛాతీలో మంట ఉందంటే ఒక డాక్టరు కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ ఎనిమిది వారాలకు రాశారు. నేను దాన్ని రెండేళ్లు మింగాను. పొద్దున్నే పళ్లు తోముకోవడం ఎలాగో, గ్యాస్ టాబ్లెట్ అలాగ.

యాంటీబయాటిక్స్ సంగతి కూడా అలాగే నడిచింది. నవంబరులో గొంతు నొప్పి, అజిత్రోమైసిన్ మూడు రోజులు. ఫిబ్రవరిలో బయట తిన్నదేదో పడక విరేచనాలు, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన బిళ్లలు. ఏప్రిల్‌లో కింది దవడ పన్ను వాచింది, అమాక్సిసిలిన్, క్లావులనేట్ ఐదు రోజులు. ఈ మూడూ చీటీ లేకుండా వీధి చివర మందుల షాపులో కొన్నవే. "అయిదు రోజుల కోర్సు ఇవ్వు బాబూ" అంటే ఇచ్చేసేవాడు. షీటు వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. డాక్టరు రాస్తేనే వాడాలని చెప్పే గీత అది. 2016లో కేంద్ర ప్రభుత్వం దాని మీద పెద్ద ప్రచారమే చేసింది. ఆ గీత మీదుగానే బిళ్లను నొక్కి తీసేదాన్ని, ఎన్నడూ చూడలేదు. మే నెలలో పన్ను మళ్లీ వాచింది. ఈసారి పళ్ల డాక్టరు దగ్గరికే వెళ్లాను. క్లిండామైసిన్ ఏడు రోజులు రాశారు, తర్వాత రూట్ కెనాల్ చేశారు. అంతకుముందు ఏమేం వాడానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఏడు నెలల్లో నాలుగు కోర్సులు.

క్లిండామైసిన్ ఆపిన ఆరో రోజు మొదలైంది. మొదటి రోజు నాలుగైదుసార్లు. వేసవి కదా, ఎండ దెబ్బ అనుకున్నాం. రెండో రోజుకు పన్నెండుసార్లు. అది మామూలు విరేచనంలా లేదు. నీళ్లలా పోయేది, చీముకు దగ్గరగా ఉండే ఒక తియ్యని చెడు వాసన. నాభి కింద మెలిపెట్టే నొప్పి వచ్చి, లేచేలోపే అయిపోయేది. షాపు నుంచి మోషన్స్ ఆపే బిళ్లలు, మళ్లీ అవే ఓఫ్లాక్సాసిన్ బిళ్లలు తెచ్చి వేసుకున్నాను. ఆ రెండూ చేయకూడని పనులే. ఆపే బిళ్ల వేస్తే విషం పేగులోనే నిలిచిపోతుంది. ఇంకో యాంటీబయాటిక్ వేస్తే నిప్పులో నెయ్యి పోసినట్టే. మూడో రాత్రి మంచం దాకా వెళ్లే ఓపిక లేక బాత్రూం బయట కాళ్లు తుడుచుకునే పట్టా మీద పడుకున్నాను. మా పాప ఐదో తరగతి. తలుపు దగ్గర గ్లాసుతో నీళ్లు పెట్టి, పైన చిన్న ప్లేటు మూత పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది. లోపలి నుంచి ఆ ప్లేటు చప్పుడు విన్నాను. ఎందుకో ఆ చప్పుడుకే ఏడుపొచ్చింది.

నాలుగో రోజు లేవబోయి కళ్లు తిరిగి పడ్డాను. మా వారు ఆసుపత్రిలో చేర్చారు. తెల్ల కణాలు పంతొమ్మిది వేలు దాటాయి, కిడ్నీల పనితీరు చూపించే క్రియాటినిన్ పెరిగింది, పొట్ట ముట్టుకుంటే ఓర్చుకోలేకపోయాను. స్కానింగ్‌లో పెద్దపేగు గోడ అంతా ఉబ్బి కనబడింది. సాయంత్రం గ్యాస్ట్రో డాక్టరు వచ్చారు. అరవై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు.

"ఈ మూడు నెలల్లో యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారామ్మా?"

మా వారు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టారు. క్లిండామైసిన్ అనగానే డాక్టరు గారు తలెత్తారు. "గ్యాస్ టాబ్లెట్ కూడా రోజూ వేసుకుంటారా?" అన్నారు. అవునన్నాను. ఇంకేమీ అడగకుండా మలం పరీక్షకు పంపించారు. మర్నాడు రిపోర్టు వచ్చింది. టాక్సిన్ పాజిటివ్, అంటే ఆ బ్యాక్టీరియా వదిలే విషం దొరికింది. సెలైన్ ఎక్కుతుండగా ఆయన ఆ జబ్బు పేరు చెబుతుంటే నాకు తెలియకుండానే వేళ్లు దుప్పటి మీద కదిలాయి. ఎ, సున్నా, నాలుగు, చుక్క, ఏడు, రెండు.

అసలు ఏం జరిగిందో ఆయన తర్వాత రెండు మూడు రోజుల్లో విడతలుగా చెప్పారు. కొంత నేను ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. మన ఒంట్లో ఉండే బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మన సొంత కణాలు 30 లక్షల కోట్లు అని 2016లో వేసిన లెక్క ఒకటుంది. అన్నీ కలిపి తూచితే 200 గ్రాములు. దాదాపు అంతా పెద్దపేగులోనే. మనం అరిగించుకోలేని పీచును అవి తిని, బ్యూటిరేట్ అనే ఆమ్లం తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలో ఉండే కణాలకు ముఖ్యమైన ఆహారం అదే. అంటే నేను తినే గోరుచిక్కుడు కూర నాకు మాత్రమే కాదు, వాటికీ అన్నం. అవి పెట్టే అన్నంతో నా పేగు బతుకుతుంది. ఇంకో పని కూడా చేస్తాయి. కాలేయం నుంచి వచ్చే పిత్తరసాన్ని కొన్ని జాతులు వేరే రూపంలోకి మారుస్తాయి. ఆ మారిన రూపం ఉన్నంతకాలం సీడిఫ్ విత్తనం లాంటి దశ నుంచి పెరగలేదు. యాంటీబయాటిక్ వచ్చి ఈ జాతులను చంపేస్తే కాపలా పోతుంది. సీడిఫ్ మాత్రం గట్టి పెంకులో దాక్కుని ఉంటుంది, దానికి ఏమీ కాదు. తర్వాత ఖాళీ పేగులో మొలిచి, రెండు రకాల విషాలు వదిలి, పేగు గోడను దెబ్బతీస్తుంది.

మా నాన్న తెనాలి దగ్గర పల్లె నుంచి రిపోర్టు వచ్చిన రోజే వచ్చారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని డాక్టరు చెప్పినదంతా విన్నారు. డాక్టరు గారు వెళ్లాక, "తుంగ లాంటిదన్నమాట తల్లీ" అన్నారు. "కలుపు మందు కొడితే పైనున్న పచ్చదనమంతా మాడిపోద్ది. పనికొచ్చే గడ్డీ పోద్ది, పిచ్చి గడ్డీ పోద్ది. తుంగ గడ్డ మాత్రం లోపల అట్టాగే ఉంటది. వారం తిరిగేసరికి చేనంతా తుంగే." నాకు ఆ జబ్బు ఆ క్షణంలో అర్థమైనట్టు ఇంకెప్పుడూ అర్థం కాలేదు.

మందు వాంకోమైసిన్. మామూలుగా నరానికి ఎక్కించే మందు. కానీ నరానికిస్తే పేగు లోపలికి చేరదు, నోటితో తాగితే రక్తంలోకి వెళ్లకుండా పేగులోనే ఉండిపోతుంది. మనకు కావలసింది అదే. నర్సమ్మ ఇంజెక్షన్ సీసాలో పొడిని కలిపి, సిరంజితో కొలిచి, చిన్న ప్లాస్టిక్ కప్పులో నీళ్లలో వేసి ఇచ్చేది. 125 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, పది రోజులు. చేదు గొంతు దిగాక కూడా నాలుక వెనక ఉండిపోయేది. తెల్లవారుజామున మూడింటి డోసుకు ఆమె మెల్లగా భుజం తట్టి, "మేడమ్, మీ కాఫీ" అనేది. ఈ మందు 1950లలో బోర్నియో అడవి మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి తీసిందని చదివాను. నన్ను పడేసిందీ సూక్ష్మజీవే, లేపిందీ సూక్ష్మజీవే.

గదికి వచ్చేవాళ్లు చేతులకు శానిటైజర్ రాసుకుంటే సరిపోదని గోడ మీద కాగితం అంటించారు. ఆ పెంకు దశను శానిటైజర్‌లోని స్పిరిట్ చంపలేదు. సబ్బు, పారే నీళ్లతో కడుక్కుంటేనే పోతుంది. కరోనా తర్వాత మనందరికీ శానిటైజర్ మీద ఎంత నమ్మకం ఏర్పడిందో! ఇంటికెళ్లాక నాకు వేరే బాత్రూం, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో రోజూ కడగడం. పాపను దగ్గరికి రానివ్వలేదు.

ఐదో రోజుకు జ్వరం తగ్గింది. ఎనిమిదో రోజు ఇంటికొచ్చాను. పది రోజుల కోర్సు పూర్తయింది. రోజుకు రెండుసార్లకు వచ్చింది, గట్టిగానే అయ్యేది. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. బతికి బయటపడ్డాననుకున్నాను.

సరిగ్గా పదహారో రోజు మధ్యాహ్నం అదే వాసన.

ఆ వాసనను పోల్చుకోవడానికి పరీక్ష అక్కర్లేదు. బాత్రూంలో గోడకు ఆనుకుని ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. నొప్పి కంటే భయం ఎక్కువ. చార్టుల్లో నేను చూసినవాళ్లంతా గుర్తొచ్చారు. అమెరికాలో 2011 ఒక్క సంవత్సరంలోనే ఇది సుమారు 4,53,000 మందికి వచ్చిందని, జబ్బు పట్టిన నెలలోపే 29,000 మంది దాకా పోయారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖ లెక్క. ఆ లెక్కలో ఉన్నవాళ్ల లాంటివాళ్ల కాగితాలను ఒక్కొక్కటీ ఏడెనిమిది నిమిషాల్లో ముగించి తర్వాతి దానికి వెళ్లేదాన్ని. టార్గెట్ అలా ఉండేది. ఎనభై రెండేళ్ల ముసలమ్మ, మూడోసారి అడ్మిషన్, ఎ04.71. ఇప్పుడు నాదీ అదే కోడ్.

"మొదటిసారి వచ్చినవాళ్లలో ఐదుగురిలో ఒకరికి ఇలా తిరగబెడుతుంది, కంగారు పడకండి" అన్నారు డాక్టరు గారు. రెండోసారి మందు పద్ధతి మార్చారు. రెండు వారాలు రోజుకు నాలుగుసార్లు, తర్వాత వారం రెండుసార్లు, ఇంకో వారం ఒక్కసారి, ఆ తర్వాత మూడు రోజులకోసారి చొప్పున నెల. ఆ ఖాళీ రోజుల్లో మిగిలిన మంచి జాతులు తలెత్తడానికి కాస్త సందు దొరుకుతుంది. మొలకెత్తిన తుంగ మాత్రం తర్వాతి డోసుకు చస్తుంది. మూడోసారి కూడా వస్తే ఏం చేస్తారని అడిగాను. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలాన్ని శుభ్రం చేసి, వడకట్టి, పేగులోకి ఎక్కిస్తామన్నారు. నెదర్లాండ్స్‌లో దీని మీద చేసిన పరీక్ష 2013లో అచ్చయింది. అలా ఎక్కించిన 16 మందిలో 13 మందికి ఒక్కసారికే నయమైంది. ఒట్టి వాంకోమైసిన్ ఇచ్చిన 13 మందిలో నలుగురికే తగ్గింది. తేడా అంత స్పష్టంగా ఉండడంతో పరీక్షను మధ్యలోనే ఆపేశారట. నేను ముఖం ఎలా పెట్టానో తెలియదు కానీ, పక్కన నిలబడ్డ మా అమ్మ మాత్రం ఆలోచించలేదు. "నాది తీసుకోండి డాక్టరు గారూ. నాకు షుగరు లేదు, బీపీ లేదు. ఇంతవరకు ఏ బిళ్లా మింగలేదు" అంది.

ఆ అవసరం రాలేదు. సెప్టెంబరు మొదటి వారంలో చివరి డోసు తాగాను.

జబ్బు పోవడం వేరు, కోలుకోవడం వేరు. అరవై ఒక్క కిలోల దాన్ని యాభై రెండయ్యాను. జుట్టు గుప్పిళ్లతో ఊడింది. పాలు తాగితే పొట్ట ఉబ్బేది, పప్పు తింటే ఉబ్బేది, ఆపిల్ ముక్క తిన్నా ఉబ్బేది. మోషన్ కొంచెం పలచగా అయినా గుండె దడదడలాడేది. బయటికి వెళ్లాలంటే దారిలో ఎక్కడెక్కడ బాత్రూంలు ఉన్నాయో ముందే లెక్కేసుకునేదాన్ని. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో వెళ్లడానికి ధైర్యం చాలలేదు. తిండి అంటేనే భయం. రోజుల తరబడి ఇడ్లీ, జావ, అరటిపండు. మూడూ తెల్లటివే. డైటీషియనమ్మ నా నోట్‌బుక్ చూసి, "మీరు తింటున్నారు సరే, మీ లోపల ఉన్నవాళ్లు ఏం తింటున్నారు?" అంది.

ఆ మాట నాకు బాగా తగిలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలంటోంది. నేను జబ్బు పడకముందు తిన్న తిండి గుర్తుచేసుకుని లెక్కేస్తే సగం కూడా రాలేదు. అలాగే ఇంకోటి. అమెరికాలో పదివేలమందికి పైగా తమ నమూనాలు పంపిన ఒక పరిశోధన 2018లో వచ్చింది. వారంలో ముప్ఫైకి మించి రకరకాల మొక్కల ఆహారం తినేవాళ్ల పేగులో, పది రకాల లోపు తినేవాళ్ల కంటే ఎక్కువ జాతుల సూక్ష్మజీవులు ఉన్నాయని అందులో తేలింది. నేను ఆ వేసవిలో ఒక వారం తిన్నవి రాసుకున్నాను: బియ్యం, మైదా, ఉల్లి, బంగాళాదుంప, టమాటా, మిరప, అల్లం, వెల్లుల్లి, టీ. తొమ్మిది.

ఒక ఆదివారం అమ్మ వంట చేస్తుంటే పక్కన కూర్చుని లెక్కబెట్టాను. కందిపప్పులో తోటకూర. చిక్కుడుకాయ కూరలో నువ్వుల పొడి. కొబ్బరి, మామిడికాయ పచ్చడి. చారులో చింతపండు, ధనియాలు, మిరియాలు, జీలకర్ర, కరివేపాకు, కొత్తిమీర. పోపులో ఆవాలు, మెంతులు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ. అన్నం, మజ్జిగ. ఒక్క పూట భోజనంలో పదిహేడు రకాల మొక్కలు. అమ్మకు లెక్క తెలియదు, ముప్ఫై అనే అంకె ఎవరూ చెప్పలేదు. "అన్నీ కొంచెం కొంచెమే కదమ్మా" అంది. ఆ కొంచెం కొంచెమే నా జీవితంలోంచి పదిహేనేళ్లలో జారిపోయింది. మాకెవరికీ అది పోయినట్టు కూడా తెలియలేదు.

ఒక్కసారిగా అన్నీ తినలేదు. తింటే ఏమవుతుందో ముందే అనుభవమైంది. వారానికొక కొత్త వస్తువు చొప్పున, చెంచా, రెండు చెంచాలు. ముందు బాగా ఉడికిన సొరకాయ, బీరకాయ, పెసరపప్పు. తర్వాత తోటకూర. రెండు నెలలకు చిక్కుడు. గోరుచిక్కుడు తిని ఏమీ కాని రోజు అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఉలవలు ఫిబ్రవరిలో గానీ పడలేదు. పాంటోప్రజోల్ డాక్టరు గారే మెల్లగా తగ్గించి ఆపించారు. ఆపిన మూడు వారాలు మంట ఎక్కువైంది, తర్వాత సర్దుకుంది.

ప్రోబయాటిక్ క్యాప్సూళ్లు ఖరీదైనవి కొని డాక్టరు గారికి చూపించాను. ఈ జబ్బు తర్వాత వాటితో లాభమని గట్టిగా చెప్పలేమన్నారు. ఇజ్రాయెల్‌లో 2018లో చేసిన ఒక పరీక్ష గురించి చెప్పారు. యాంటీబయాటిక్ తర్వాత అలాంటి క్యాప్సూళ్లు వాడినవాళ్లలో సొంత సూక్ష్మజీవులు తిరిగి రావడం, ఏమీ వాడనివాళ్ల కంటే ఆలస్యమైందట. డెన్మార్క్‌లో అదే ఏడాది వచ్చిన మరో పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మందికి నాలుగు రోజులు గట్టి యాంటీబయాటిక్స్ ఇచ్చి చూశారు. నెలన్నరకు చాలావరకు తిరిగొచ్చాయి. కానీ అందరికీ ముందు ఉన్న జాతుల్లో తొమ్మిది, ఆరు నెలలైనా ఎక్కువమందిలో కనబడలేదు. నాలుగు రోజుల మందుకు ఆరు నెలలు. నేను మందుల షాపులో నిలబడి కోర్సు అడిగిన ఆ మూడు సాయంత్రాలూ గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

యాంటీబయాటిక్స్ మీద నాకు కోపం లేదు. మా మేనత్త పురిట్లో వచ్చిన జ్వరంతో చనిపోయిందని నాన్న ఇప్పటికీ చెబుతారు. ఆ రోజుల్లో సరైన ఇంజెక్షన్ దొరికి ఉంటే బతికేదే. నన్ను బతికించిందీ యాంటీబయాటిక్కే. నా బాధల్లా, అంత విలువైన దాన్ని గొంతు గరగరకు, అదీ చాలాసార్లు వైరస్ వల్ల వచ్చే దానికి, మరమరాల్లా వాడాం. ఇంట్లో ఒకరికి మిగిలిన బిళ్లలు ఇంకొకరికి ఇచ్చాం. పాపకు మూడేళ్ల వయసులో ముక్కు కారితే ఇచ్చిన సిరప్‌లు ఎన్నో నేనిప్పుడు లెక్కబెట్టలేను.

నైట్ షిఫ్టు కూడా మానేశాను. రాత్రిళ్లు మేలుకోవడం వల్లే జబ్బొచ్చిందని నేను అనను. క్లిండామైసిన్, దానికి ముందు మూడు కోర్సులు, గ్యాస్ టాబ్లెట్, ఇవి అసలు కారణాలని డాక్టరు గారన్నారు. కానీ పేగులోని సూక్ష్మజీవులకూ పగలూ రాత్రీ ఉంటాయని, మన తిండి వేళలు తారుమారైతే వాటి లయ కూడా తప్పుతుందని 2014లోనే శాస్త్రవేత్తలు ఎలుకల్లో, దూర ప్రయాణం చేసిన మనుషుల్లో చూశారు. నా లయ ఏళ్ల తరబడి తప్పే ఉంది. పగటి పూట క్వాలిటీ ఆడిట్ టీంలోకి మార్చమని అడిగాను. షిఫ్ట్ అలవెన్సు పోయింది. ఇంటి లోను ఉన్నవాళ్లకు ఆ ఆరువేలు ఎంతో తెలుసు. మా టీంలో ఆ ఆరువేల కోసమే రాత్రి పనిచేస్తున్న పిల్లలు చాలామంది. పొద్దున తినండి, పీచు తినండి అని వాళ్లకు చెప్పడం తేలికే. క్యాంటీన్లో రాత్రి పదకొండుకు ఆకుకూర పప్పు పెట్టించమని హెచ్ఆర్‌కు మూడుసార్లు మెయిల్ పెట్టాను. ఇప్పుడు వారానికి రెండు రోజులు పెడుతున్నారు. గిన్నె ఖాళీ అయిపోతోంది.

2024 మేలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. ప్లేటులో సగం కూరగాయలు, పండ్లు, ఆకుకూరలు, దుంపలే ఉండాలని అందులో బొమ్మ ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. పాప దాని కింద స్కెచ్ పెన్నుతో "అమ్మ ప్లేటు" అని రాసింది.

తరవాణి గురించి చివరికి ఉంచాను. మా ఊళ్లో వంటింటి మూల ఒక మట్టికుండ ఉండేది. అన్నం వార్చిన గంజి అందులో పోసి, ఉప్పు, దబ్బాకు వేసి పులవనిచ్చేవాళ్లు. రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి పొద్దున్నే ఉల్లిపాయతో తినేవాళ్లు. నాన్న పొలం వెళ్లేముందు అదే. నేను కాలేజీకి వచ్చాక ఆ వాసన మా బట్టలకు అంటుకుంటుందని సిగ్గుపడ్డాను. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండిపదార్థం అరగని రూపంలోకి మారి, పెద్దపేగులో సూక్ష్మజీవులకు మేత అవుతుంది. పులిసిన ఆహారం గురించి అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2021లో చెప్పారు. పది వారాలు పెరుగు లాంటివి ఎక్కువగా తిన్నవాళ్ల పేగులో జాతులు పెరిగాయి, రక్తంలో వాపును చూపించే గుర్తులు తగ్గాయి. ముప్ఫై ఆరు మంది మీద చేసిన చిన్న పరీక్షే. తరవాణి మీద కాదు. తరవాణి నా జబ్బును తగ్గించిందని ఎవరైనా అనుకుంటే తప్పు. జబ్బును తగ్గించింది వాంకోమైసిన్. మందు నడిచినన్నాళ్లు డాక్టరు గారు ఇలాంటివేవీ వద్దన్నారు. జనవరిలో, బరువు యాభై ఏడుకు వచ్చాక, మెల్లగా మొదలుపెట్టొచ్చన్నారు.

అమ్మ ఊరి నుంచి వస్తూ కుండ తెచ్చింది. కొత్తది కాదు, ఇంట్లోదే. నోటికి గుడ్డ కట్టి, అడుగున కాస్త పాత తరవాణితో, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. మొదటి రోజు రెండు చెంచాలు తాగాను. పులుపు, ఉప్పు, దబ్బాకు వాసన, ఆ వెనక తడిసిన మట్టి రుచి. ఏమీ కాలేదు. మూడు వారాలకు గ్లాసు తాగగలిగాను. ఆ నెలలోనే ఒక రాత్రి పాప తన దిండు తెచ్చుకుని నా పక్కన పడుకుంది. ఏడు నెలల తర్వాత.

ఇప్పటికి రెండేళ్లు దాటింది. మళ్లీ రాలేదు. కొత్తగా ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా కూర్చోకముందే నాకు సీడిఫ్ వచ్చిందని చెబుతాను. పోయిన చలికాలం జ్వరం వస్తే డాక్టరమ్మ చూసి, వైరల్, నాలుగు రోజులు ఓపిక పట్టండి అంది. పట్టాను. ఐదో రోజు తగ్గింది.

అమ్మ వారానికోసారి ఫోన్ చేస్తుంది. పాప చదువు, నాన్న మోకాళ్లు, మినుము ధర, అన్నీ అయ్యాక అడుగుతుంది.

"కుండ పూర్తిగా వంచెయ్యలేదుగా?"

"లేదమ్మా. అడుగున గ్లాసుడు ఉంచాను."

"సబ్బు పెట్టలేదుగా?"

"పెట్టలేదమ్మా."